పడ్డవానిదా తప్పు, పడేసిన లోకానిదా?

ప్రతి ఆదివారం విహారంలో బుద్ధుని ముందు కొవ్వొత్తి వెలిగిస్తాం. చేతులు జోడించి త్రిశరణం, పంచశీల చెప్తాం. మొదటి నాలుగు శీలాలకు గొంతులన్నీ గట్టిగానే లేస్తాయి. ఐదో శీలం దగ్గరికి రాంగనే కొన్ని గొంతులు సన్నబడుతాయి. మీరు గమనించారో లేదో గానీ, వెనక వరుసలో కూర్చున్న పిల్లలు మాత్రం గమనిస్తారు. ఏ గొంతు సన్నబడ్డదో, అది ఎవరి నాయినదో, ఎవరి మేనమామదో వాళ్లకు బాగా తెలుసు.

ఈ చిన్న పుస్తకం ఆ ఐదో శీలం గురించి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో మన పిల్లలు మత్తులో పడుతున్నారు. కల్లు, సారా, బీరు పాత సంగతి. ఇప్పుడు గంజాయి సిగరెట్టు, గంజాయి చాక్లెట్టు, నిద్రమాత్రలు, దగ్గు మందు, వైట్‌నర్ కూడా వచ్చినయి. తల్లులు వచ్చి అడుగుతున్న ప్రశ్న ఒకటే: "తప్పు మా పిలగానిదా, లోకానిదా?" ఆ ప్రశ్నకు ధమ్మం ఏం జవాబు ఇస్తుందో కలిసి ఆలోచిద్దాం.

ఒక పిలగాని సంగతి

కోరుట్ల పక్కన ఒక ఊరు అనుకోండి. పందొమ్మిదేండ్ల పిలగాడు. పేరెందుకు, మీ ఊర్లో కూడా ఉంటడు. నాయిన పన్నెండేండ్ల సంది గల్ఫ్‌ల ఉన్నడు. రెండేండ్లకోసారి వస్తడు, నెల రోజులుండి పోతడు. అవ్వ బీడీలు చుడుతది. పిలగాడు బస్సెక్కి జగిత్యాలకు డిగ్రీ చదువ పోతడు.

వానికి మొదటి గుక్క ఎవరు పోసిండ్రు? దుష్టుడెవడో కాదు, సొంత మేనమామ. అక్క పెండ్లి దావత్‌ల, అందరి ముందే, "మొగపిల్లగానివి కాదురా, ఒక్క గుక్క" అని నవ్వుకుంట పోసిండు. చుట్టూ ఉన్నోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. మొదటి గంజాయి దమ్ము ఎవరు ఇచ్చిండ్రు? పదో తరగతి దాక ఒకే బెంచీ మీద కూర్చున్న దోస్తు. పైసలు గూడ తీసుకోలేదు. రెండు నెలలకు పైసలు అడిగిండు. నాలుగు నెలలకు, "పైసలు లేకుంటే ఇంకో ఇద్దరికి నువ్వే అమ్మిపెట్టు" అన్నడు. ఆరో నెలల అవ్వ బీడీ పైసలు డబ్బాల కనబడలేదు.

ఇప్పుడు ఊరు రెండు తీర్పులు చెప్తది. ఒకటి: "వాడే చెడిపోయిండు. అదే బెంచీ మీద ఇంకో పిలగాడు చెడిపోలేదు గదా. నాలుగు తగిలిస్తే సక్కగైతడు." రెండోది: "వాడేం జేస్తడు, కాలం గట్లున్నది. వాని నుదుటి మీద గట్ల రాసి ఉన్నది."

మొదటి తీర్పు మేనమామను వదిలేస్తది. రెండో తీర్పు అందరినీ వదిలేస్తది. నుదుటి రాతను మనం 22 ప్రతిజ్ఞలతోటే విడిచిపెట్టి వచ్చినోళ్లం. అంటరానితనం మన పూర్వజన్మ ఫలం అని చెప్పిన మాటను నమ్మనోళ్లం. మరి కొడుకు గంజాయి తాగితే అది వాని రాత అని ఎట్లా అంటాం?

సాగతుని కథ

ఐదో శీలానికి సంబంధించి వినయ పిటకంలో ఒక కథ ఉంది. భిక్షువులు మద్యం తాగరాదనే నియమం ఎట్లా పుట్టిందో అది చెప్తుంది.

సాగతుడు అనే భిక్షువు ఉండేవాడు. ఒక ఊరిని భయపెడుతున్న నాగును ఆయన లొంగదీసిండని పేరు వచ్చింది. కోశాంబి పట్నం ఉపాసకులు ఆ మాట విని సంతోషపడ్డారు. ఆయనకు ఏదైనా అరుదైనది, ఇష్టమైనది ఇవ్వాలనుకున్నారు. ఏమిస్తే బాగుంటదని అడిగితే, కట్టుబాటు లేని ఒక భిక్షువుల గుంపు మంచి మద్యం సిద్ధం చెయ్యమని సలహా ఇచ్చింది. మరునాడు సాగతుడు భిక్షకు వచ్చిండు. ఇంటింటా మద్యం సిద్ధంగా ఉంది. ఇంటింటా "తాగండి భంతే, తాగండి" అన్నారు. ఆయన ఇంటింటా తాగిండు. పట్నం దాటి పోతుంటే ద్వారం దగ్గర పడిపోయిండు.

బుద్ధుడు అటుగా వచ్చి చూసి, భిక్షువులతో ఆయనను ఆరామానికి మోయించాడు. బుద్ధుని వైపు తల ఉండేటట్టు పడుకోబెడితే, ఆయన మత్తులో దొర్లి బుద్ధుని వైపే కాళ్లు చాపిండు. అప్పుడు బుద్ధుడు భిక్షువులను అడిగాడు: ఇంతకు ముందు ఇతనికి నా పట్ల గౌరవం ఉండేది కదా, ఇప్పుడు ఉందా? నాగుతో తలపడిన ఇతను ఇప్పుడు ఒక నీటిపాముతోనైనా తలపడగలడా? అట్లా అడిగిన తర్వాతే నియమం పెట్టాడు.

ఈ కథలో మూడు సంగతులు చూడండి.

సాగతుడు బలహీనుడు కాదు, నాగును లొంగదీసినవాడు. కాబట్టి "బలహీనులే మత్తులో పడతారు, మావాడు గట్టోడు" అనే ధీమా పనికిరాదు.

ఆయనకు పోసినవాళ్లు శత్రువులు కాదు. ప్రేమతో, గౌరవంతో పోసినవాళ్లు. నాగు కోపంతో వచ్చింది కాబట్టి దాన్ని ఎదిరించగలిగిండు. ప్రేమతో వచ్చిన గ్లాసును ఎదిరించలేకపోయిండు. మన పిల్లల సంగతీ అంతే. వాళ్లు పోలీసుకు భయపడతారు, సారుకు భయపడతారు. దోస్తు చేతిని మాత్రం కాదనలేరు.

మూడోది ముఖ్యం. బుద్ధుడు సాగతుణ్ణి సంఘం నుంచి వెళ్లగొట్టలేదు. వినయం ప్రకారం, నియమం పుట్టడానికి కారణమైన మొదటి మనిషి మీద దోషం పడదు. ఆయన చేసిన పనిని తప్పు అన్నాడు, అందరికీ కట్టుబాటు పెట్టాడు. మనిషిని మాత్రం ఉంచుకున్నాడు. అదే సాగతుణ్ణి తేజోధాతు సాధనలో శిష్యులందరిలో అగ్రగణ్యుడని అంగుత్తర నికాయం చెప్తుంది. పట్న ద్వారం దగ్గర పడిపోయిన ఆ ఒక్క పూట ఆయన బతుకంతా కాలేదు.

హేతువు లేకుండా ఏదీ పుట్టదు

ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేకుండా పోతుంది. ప్రతీత్యసముత్పాదాన్ని మనం ఇట్లా నేర్చుకున్నాం. మత్తుకు ఇది ఎట్లా వర్తిస్తుందో చూద్దాం.

వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు చాలామంది హెరాయిన్‌కు అలవాటు పడ్డారు. 1971లో తిరిగి వచ్చినవాళ్లను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించింది. దాదాపు ఐదుగురిలో ఒకరు అక్కడ ఉన్నప్పుడు బానిసలైనట్టు తేలింది. దేశం మునిగిపోతదని అందరూ భయపడ్డారు. కానీ ఆ బానిసలైనవాళ్లలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాది మళ్లీ బానిసలైనవాళ్లు నూటికి ఐదుగురే. ఇంటికి వచ్చినంక చుట్టూ ఉన్న మనుషులు మారారు, భయం పోయింది, తాగబోసే జట్టు విడిపోయింది. వాళ్ల చుట్టూ ఉన్న కారణాలు మారితే వాళ్లూ మారారు.

అదే దశాబ్దం చివర కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ ఎలుకల మీద ప్రయోగం చేశాడు. ఒంటరి బోనులో ఉన్న ఎలుకలు మత్తు కలిపిన నీళ్లు ఎక్కువ తాగాయి. తోటి ఎలుకలతో, ఆడుకునే జాగాతో ఉన్నవి చాలా తక్కువ తాగాయి. తర్వాత వేరేవాళ్లు చేసినప్పుడు ఫలితాలు అన్నిసార్లూ ఒకేలా రాలేదు, కాబట్టి దీన్ని వేదవాక్కులా పట్టుకోవద్దు. కానీ అది అడిగిన ప్రశ్న మంచిది: సీసాలో ఏముందని మాత్రమే చూస్తున్నామా, బోను ఎట్లా ఉందో కూడా చూస్తున్నామా?

మన బోను ఎట్లా ఉంది?

సిరిసిల్లకు పోండి. సాంచాల చప్పుడులో పన్నెండు గంటల షిఫ్టు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున బయటికి వచ్చిన కార్మికునికి చెవుల్లో ఇంకా హోరే ఉంటది, ఒంట్లో నొప్పులు, కంటికి నిద్ర రాదు. కల్లు దుకాణం దగ్గర, ఇల్లు దూరం. పని ఉన్నన్ని రోజులు ఒక తీరు, ఆర్డర్లు ఆగితే ఇంకో తీరు. అప్పులతో, పని లేక ప్రాణాలు తీసుకున్న నేతన్నల వల్ల ఆ ఊరికి "ఉరిసిల్ల" అనే పేరు పడ్డ రోజులున్నయి. 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పుడు కొంత ఊపిరి వచ్చింది. ఆర్డరు ఆగినప్పుడల్లా ఆ ఊపిరి మళ్లీ ఆగింది. అసొంటి ఇంట్లో నాయినను చూసి పెరిగిన పిలగానికి, బాధ వస్తే తాగాలె అనేది ఎవరూ నేర్పకుండానే వస్తది.

జగిత్యాల, కోరుట్ల వైపు చూడండి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో వేలమంది కూలీలు, రైతులు దొరల వెట్టికి ఎదురు నడిచిన నేల ఇది. ఆ తరం పిల్లలకు, మనుమలకు ఊర్లో పని దొరకలేదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడ్డది. సగం ఊరు గల్ఫ్‌కు పోయింది. గల్ఫ్ పైసలతో ఇల్లు లేచింది, బండి వచ్చింది, ఫోను వచ్చింది. ఇంట్లో నాయిన మాత్రం లేడు. చేతిలో పైసలు, పక్కన పెద్దదిక్కు లేకపోవడం, ముందర కొలువు కనబడకపోవడం: ఈ మూడూ కలిసిన చోటికి గంజాయి అమ్మేటోడు తొవ్వ వెతుక్కుంట వస్తడు.

కల్లు సంగతి వేరేగా చెప్పాలె. చెట్టు కల్లు చాలని చోట డయాజిపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మారు. 2015 సెప్టెంబరులో అధికారులు దాన్ని ఆపితే, పక్కనే ఉన్న నిజామాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో జనం ఆసుపత్రుల ముందు బారులు కట్టారు. ఫిట్స్ వచ్చినయి, మెడలు వంకర్లు పోయినయి, లేనివి కనబడ్డయి. తాము తాగింది కల్లు అనుకున్నారు వాళ్లు. తెలియకుండానే మందుబిళ్లలకు బానిసలయ్యారు. పదేండ్లు గడిచినా బుద్ధి రాలేదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

ఇంకా పైకి చూడండి. మత్తు పానీయాలను, ఆరోగ్యానికి చెడు చేసే మాదకద్రవ్యాలను వైద్యానికి తప్ప వాడకుండా నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణం చెప్తుంది. మరి ఏలేవాళ్లు ఏం చేస్తున్నారు? మద్యం రాబడి మీద ఖజానా నడుపుతున్నారు. 2021 నుంచి మద్యం దుకాణాల లైసెన్సుల్లో కూడా ఎస్సీలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. బాబాసాహెబ్ మనకు రిజర్వేషన్ తెచ్చింది బడిలో, కొలువులో, చట్టసభలో. వైన్ షాపు గల్లాపెట్టె దగ్గర మనకు సీటు దొరికిందని సంబరపడాల్నా? ఆ షాపు ముందు పడిపోయేది ఎవరి పిలగాడో ఒక్కసారి చూడండి.

కూటదంత సుత్తంలో ఒక రాజు కథ ఉంది. రాజ్యంలో దొంగతనాలు పెరిగినయి. కొట్టి, చంపి, దేశం నుంచి వెళ్లగొట్టి ఆపడం కుదరదని పురోహితుడు చెప్పాడు. సాగు చేసేటోనికి విత్తనాలు ఇయ్యి, వ్యాపారం చేసేటోనికి పెట్టుబడి ఇయ్యి, కొలువు చేసేటోనికి జీతం ఇయ్యి, ఎవరి పనిలో వాళ్లుంటే రాజ్యం చల్లగుంటదన్నాడు. రెండున్నర వేల ఏండ్ల కిందటి ఆ మాటను ఈనాటి పాలకులను గట్టిగా అడిగే హక్కు మనకుంది.

మన ఇంటి గ్లాసు

లోకాన్ని అనడం సులువు. ఇప్పుడు మన వాకిట్లోకి వద్దాం.

మన పెద్దలు డప్పు కొట్టినప్పుడు, చావు మోసినప్పుడు, గొడ్డు చాకిరి చేసినప్పుడు కూలీ బదులు ఏమిచ్చారు? ఒక సీసా. తాగినోడు లెక్క అడగడు. తాగినోని కొడుకు బడికి పోడు. దొర చేతి సీసాలో మత్తుతో పాటు గొలుసు కూడా ఉండేది. అది తెలుసుకున్నందుకే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ (1888–1939) మన వాడల్లో తాగుడు మానమని తిరిగాడు, జోగిని ఆచారం వద్దన్నాడు, బుద్ధ జయంతులు జరిపాడు. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్ దీక్షాభూమిలో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్న ప్రతిజ్ఞ అందుకే ఉంది. దాన్ని ఏదో మడి ఆచారం అనుకోవద్దు. అది బానిసత్వం తెంపుకున్న మాట.

మరి ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? గోడ మీద బుద్ధుడు, ఫ్రిజ్‌లో బీరు. బిడ్డ పుడితే దావత్, ఓట్లొస్తే దావత్, మనిషి సచ్చిన పదకొండో నాడు గూడ దావత్. ఏప్రిల్ 14న నీలి జెండా కట్టిన బండి మీద డీజే, డీజే ముందు తాగి ఊగుతున్న మన పోరలు. వాళ్లకు పెట్రోలుకు, మందుకు పైసలిచ్చింది పెద్దమనుషులమే. పెన్ను పట్టిన మనిషి పుట్టినరోజుకు మనం పిల్లల చేతికి సీసా ఇస్తున్నాం. అవమానం ఎవరికి జరిగింది?

పిల్లలు మన ఉపన్యాసం వినరు, మనల్ని చూస్తారు. "గంజాయి తాగొద్దు బిడ్డా" అని చెప్పే నోట్లోంచి మందు వాసన వస్తే, పిలగాడు నేర్చుకునేది ఒకటే: పెద్దోళ్ల మత్తు ఇజ్జత్, చిన్నోళ్ల మత్తు నేరం. కొడుకు జేబులో పొట్లం దొరికిన నాడు ఇల్లంతా ఏడుస్తది. నాయిన జేబులో సీసా దొరికిన నాడు ఎవ్వలూ ఏడువలేదు. ఆ రెండు రోజుల మధ్య సంబంధం లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా?

అయితే పిలగానికి బాధ్యత లేదా?

ఇక్కడ మీలో ఒకరు అడుగుతారు: "అన్నా, అంతా లోకం మీద వేస్తే వాడు ఎప్పుడు మారుతడు? దోస్తు ఇచ్చిండు, మామ పోసిండు, సర్కారు అమ్మింది అనుకుంట తాగుతనే ఉంటడు గదా."

అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఇది. కారణం వేరు, బలవంతం వేరు. వాన పడడం కారణం అయితే తడుస్తాం నిజమే, కానీ గొడుగు పట్టుకునే చెయ్యి మనదే. అంటరానితనం అనే కారణంలో పుట్టిన భీమ్‌రావు ఆ కారణానికే కట్టుబడి ఉంటే మనం ఈ రోజు ఇట్లా మాట్లాడుకునేవాళ్లం కాదు. మనిషి మీద లోకం పనిచేస్తుంది, మనిషీ లోకం మీద పనిచేస్తాడు. లోకం చేసిందంతా లోకానిదే అంటే పిలగాణ్ణి ఎలుక కింద జమకట్టినట్టు. అట్లా అనడం వాని మీద దయ కాదు, వాన్ని తక్కువ చెయ్యడం.

పంచశీలలో ప్రతి శీలం చివర వచ్చే "సమాదియామి" అనే మాట చూడండి. నేను స్వీకరిస్తున్నాను అని అర్థం. అది పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాదు. "సిక్ఖాపదం" అంటే శిక్షణలో ఒక మెట్టు. శిక్షణ అన్నప్పుడు జారడం ఉంటది, లేవడం ఉంటది. మన భాషలో శిక్ష అంటే దెబ్బ అనే అర్థం వచ్చి కూర్చుంది గానీ, దాని అసలు అర్థం నేర్పు. శీలం తప్పినవాడు మళ్లీ వచ్చి మళ్లీ తీసుకుంటాడు. అందుకే వారం వారం చెప్పుకుంటాం. ఐదో శీలంలో "పమాద" అనే మాట కూడా ఉంది. పమాదం అంటే ఏమరుపాటు. మత్తు ఎందుకు చెడ్డదంటే, మిగతా నాలుగు శీలాలకు కాపలా ఉన్న మెలకువను అది పడుకోబెడుతుంది. అవ్వ బీడీ పైసలు దొంగిలించింది ఆ పిలగాడే, కానీ మెలకువ ఉన్న పిలగాడు ఆ పని చేసేవాడు కాదు.

అయితే "తప్పు ఎవరిది?" అనే ప్రశ్ననే కొంచెం మార్చాలి. విషపు బాణం దిగినవాని ఉపమానం మీకు తెలుసు. బాణం వేసింది ఎవరు, ఏ కులం, విల్లు ఏ కట్టె అని తేలేదాకా బాణం తీయొద్దంటే మనిషి పోతాడు. ముందు బాణం తీయాలి. తప్పు ఎవరిదన్నది వెనక్కి చూసే ప్రశ్న. దాన్ని పంచుకుంటే ప్రతివాడు తన వాటా తగ్గించుకుంటాడు. "పని ఎవరిది?" అన్నది ముందుకు చూసే ప్రశ్న. ఇందులో వాటా తగ్గదు. పిలగాని పని పిలగాడు నూటికి నూరు చెయ్యాలె, మన పని మనం నూటికి నూరు చెయ్యాలె. ఒకరి పని ఇంకొకరి పనికి బదులు రాదు.

బాబాసాహెబ్ "బుద్ధుడు - అతని ధమ్మం"లో, మతం వ్యక్తిగతం, ధమ్మం సామాజికం అని వివరించాడు. ఒక్కడే బతికే మనిషికి ధమ్మం అక్కర లేదు, ఇద్దరున్న చోట తప్పదు అన్నది ఆయన భావం. గ్లాసు పోసే చెయ్యి, అందుకునే చెయ్యి అని ఇద్దరున్నారు కాబట్టి మత్తు పూర్తిగా ధమ్మానికి సంబంధించిన విషయం. "నా పైసలు, నా ఒళ్లు, నేను తాగుతా, నీకేంది?" అనే మాట అందుకే నిలబడదు.

దోస్తు చెయ్యి రెండు వైపులా గుంజుతుంది

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు గృహస్థునికి మత్తు వల్ల వచ్చే ఆరు నష్టాలు చెప్పాడు: పైసలు పోవడం, కొట్లాటలు పెరగడం, రోగాలు, చెడ్డపేరు, సిగ్గు విడవడం, బుద్ధి మందగించడం. అదే సుత్తంలో స్నేహితుని వేషంలో వచ్చే నలుగురిని గుర్తుపట్టమన్నాడు: తీసుకుపోయేదే తప్ప ఇవ్వనివాడు, మాటలతో సరిపెట్టేవాడు, ముఖం ముందు పొగిడేవాడు, చెడు పనులకు తోడు వచ్చేవాడు. మంచి దోస్తును కూడా నాలుగు రకాలుగా చూపించాడు: సాయపడేవాడు, సుఖదుఃఖాల్లో ఒకే తీరుగా ఉండేవాడు, మేలు మాట చెప్పేవాడు, మనసున దయ ఉన్నవాడు.

దోస్తానా మీద ధమ్మానికి కోపం లేదు. ధమ్మ జీవితంలో సగం మంచి స్నేహమే కదా అని ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు దిద్దాడు. పిల్లలను దోస్తుల నుంచి గుంజి గదిలో వేస్తే మళ్లీ ఒంటరి బోనే అవుతుంది. దోస్తానా మార్చాలి.

దీనికి మన గోదావరి ఒడ్డు కథే సాక్ష్యం. సుత్తనిపాతంలో బావరి అనే గురువు గోదావరి తీరాన, అస్సక జనపదం దగ్గర ఉండేవాడు. ఆ చోటు జగిత్యాల జిల్లాకు అవతలి ఒడ్డున ఉన్న నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని కొందరు చరిత్రకారులు గుర్తించారు. ఆయన పదహారు మంది శిష్యులు జట్టుగా బయలుదేరి, ప్రతిష్ఠానం, ఉజ్జయిని, కోశాంబి, శ్రావస్తి మీదుగా రాజగృహం దాకా నడిచి బుద్ధుణ్ణి కలిసి ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు అడిగారు. ఒంటరిగా అయితే అంత దూరం ఎవరు నడుస్తారు? జట్టు నడిపించింది. ఇదే గోదావరి గాలి పీల్చే మన పిల్లలకు కూడా జట్టు కావాలె. అది గంజాయి జట్టా, ప్రశ్నల జట్టా అన్నది మన చేతిలో కొంత ఉంది.

ఇది కోరిక మాత్రమే కాదు, జరిగిన పని. ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో 1998లో పదిహేను, పదహారేండ్ల పిల్లల్లో గడిచిన నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 42 శాతం. 2016 నాటికి 5 శాతం. వాళ్లు పిల్లలకు ఉపన్యాసాలు ఇచ్చి ఊరుకోలేదు. ఆటలకు, సంగీతానికి సర్కారు పైసలిచ్చింది. తల్లిదండ్రులు వాడవాడలా ఒప్పందం చేసుకుని రాత్రి పిల్లలు ఇంట్లో ఉండేటట్టు చూశారు. పిల్లలతో గడిపే సమయం పెంచారు.

మనం చేయగలిగింది

ఇంట్లో: ఈ నెల నుంచి మన ఇంటి దావత్‌లో మందు ఉండొద్దు. చుట్టాలు అలిగితే అలగనీయండి. గల్ఫ్‌లో ఉన్న అన్నలారా, మీరు ఫోను చేసినప్పుడు పైసలు ముట్టినయా అని అడిగిన తర్వాత, కొడుకుతో ఒక్క పది నిమిషాలు ఊరికే మాట్లాడండి. పోయే తమ్ముళ్లకు ఒక హెచ్చరిక: ఎయిర్‌పోర్టుకు పోయేటప్పుడు ఎవరిచ్చిన పొట్లమూ విప్పి చూడకుండా తీసుకోవద్దు. యూఏఈలో గసగసాలు కూడా నిషేధం.

విహారంలో: ఆదివారం వందన అయినంక పిల్లలను పంపించెయ్యకండి. కబడ్డీ, చెస్, పోటీ పరీక్షల చదువు, డప్పు, పాట, ఏదైనా పెట్టండి. డప్పు సీసా కోసం కాదు, గౌరవం కోసం మోగాలె. ఏప్రిల్ 14 ఊరేగింపు కమిటీలో తాగినవాడు బండెక్కొద్దని ముందే తీర్మానం రాయండి.

పడ్డవానికి: కొట్టొద్దు, కట్టెయ్యొద్దు. రోజూ ఎక్కువ తాగేటోడు, మందు కల్లుకు అలవాటైనోడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు దగ్గరే ఆపించాలె. ఇది జబ్బు, దీనికి మందుంది. కానీ 2019లో వచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందిని సిగ్గు ఇంట్లో దాచింది. ఉచితంగా మాట్లాడడానికి 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, మనసు బాగా లేకపోతే 14416 టెలీ మానస్ ఉన్నాయి. అమ్మేటోళ్ల సంగతి చెప్పడానికి 1908 ఉంది.

చట్టం కూడా తెలుసుకోండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేండ్ల దాకా కఠిన శిక్ష. దోస్తు కోసం నాలుగు పొట్లాలు దగ్గర పెట్టుకున్నా కేసే, ఆ కేసు పాస్‌పోర్టుకు, కొలువుకు అడ్డం పడుతది. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది మొత్తం ఉన్నందుకో కేసైన బానిస తనంతట తాను చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చట్టం కూడా లేచేవానికి ఒక తలుపు తెరిచే ఉంచింది. మనం ఎందుకు మూస్తాం?

ఇప్పుడు ఆ పందొమ్మిదేండ్ల పిలగాని దగ్గరికి మళ్లీ వద్దాం. వాడు ఈ ఆదివారం విహారానికి వస్తడు అనుకోండి. వెనక వరుసలో, తల వంచుకుని కూర్చుంటడు. ఊరంతా వాని గురించి తెలిసినోళ్లే. పంచశీల మొదలైతది. ఐదో శీలం దగ్గర వాడు తల లేపి చుట్టూ చూస్తడు, ఎవరి గొంతు గట్టిగా ఉందో, ఎవరిది సన్నబడ్డదో. వాని పక్కన వాని మేనమామ కూర్చొని ఉన్నడు.

ఆ మేనమామవు నువ్వే అనుకో అన్నా. నువ్వు ఆ శీలం ఎట్లా చెప్తవో, పిలగాడు అట్లా చెప్తడు.

భవతు సబ్బ మంగళం.
నమో బుద్ధాయ. జై భీమ్.